చీజ్ బోర్డ్ పెడుతున్నారా? ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి
పండక్కి వచ్చే అతిథుల కోసం చీజ్ బోర్డ్ (రకరకాల చీజ్‌లు, పళ్లు పేర్చిన పలక) సర్దేటప్పుడు అందరి ధ్యాసా అలంకరణ మీదే ఉంటుంది. రుచి తేలేది మాత్రం చల్లదనం దగ్గర. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టిన బ్రీ అనే మెత్తని చీజ్ రబ్బరు ముక్కలా ఉంటుంది. ఓ 45 నిమిషాలు ముందే బయట పెడితే లోపల మెత్తబడి, నొక్కితే అంచుల్లోంచి కాస్త జారుతుంది. అలాగని 2 గంటలు దాటి బయట వదిలేయొద్దు.

రకాలు మూడు చాలు: మెత్తని బ్రీ, గట్టి చెడార్, ఘాటైన బ్లూ చీజ్. తర్వాత భోజనం ఉంటే మనిషికి 50-60 గ్రాములు సరిపోతుంది. బ్లూ చీజ్‌కి చాకు విడిగా ఉండాల్సిందే, లేదంటే దాని వాసన మిగతావాటికీ పట్టేస్తుంది. ఆ ఘాటు పడనివాళ్ల కోసం పక్కనే చిన్న గిన్నెలో తేనె పెట్టండి. రెండూ కలిపి తింటే చాలామంది మనసు మార్చుకుంటారు!

చెడార్‌ని నాలుగు ముక్కలు ముందే కోసి ఉంచండి. నిండు దిమ్మ మీద మొదటి చాకు వేయడానికి ఎవరికైనా మొహమాటమే. ద్రాక్షను కత్తెరతో చిన్న గుత్తులుగా చేయండి. నట్స్ పడనివాళ్లు ఉండొచ్చు కాబట్టి అవి వేరే గిన్నెలో. క్రాకర్ బిస్కెట్లు మాత్రం అందరూ వచ్చాకే, పళ్ల తడి తగలకుండా.