పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే బెంగళూరు పెద్దలు బేస్‌బాల్ మైదానం చూసి రావాలంటే

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో వేసవి వస్తే కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్ళి, కొన్ని నెలలు ఉండి వచ్చే పెద్దలు చాలామంది ఉన్నారు. గుళ్ళు, జలపాతాలు, పెద్ద పెద్ద దుకాణాలు చూడడానికి ఎవరి సలహా అక్కర్లేదు, పిల్లలే తీసుకెళ్తారు. అక్కడివాళ్ళు తాతలతో, మనవలతో కలిసి ఒక సాయంత్రం మొత్తం ఆరుబయట ఎలా గడుపుతారో చూడాలనుకుంటే మాత్రం అక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ మైదానానికి వెళ్ళాలి. క్రికెట్టు చూస్తూ పెరిగిన మనకు ఆ ఆట అందనిదేమీ కాదు. అయితే మీతో వచ్చేవారిలో అందరికంటే పెద్దవారు ఎవరో చూసుకుని, తేదీ, సీటు, ప్రయాణం అన్నీ వారికి అనువుగా నిర్ణయించుకోవాలి. వారు సుఖంగా కూర్చోగలిగితే మిగతా అందరికీ ఆ సాయంత్రం హాయిగా సాగుతుంది.

మొదట తేదీ సంగతి తేల్చుకోవాలి. లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు మార్చి చివర నుంచి సెప్టెంబరు చివరి వరకు 162 ఆటలు ఆడుతుంది, అందులో సగం, అంటే 81, సొంత ఊళ్ళో జరుగుతాయి. జట్టు వారం పది రోజులు వరుసగా ఇంటి దగ్గర ఆడి, తర్వాత దాదాపు అన్నే రోజులు బయటి ఊళ్ళకు వెళ్ళిపోతుంది కాబట్టి, మీరు అనుకున్న శనివారం నాడు అక్కడ ఆటే లేకపోయే అవకాశం బాగానే ఉంది. జూలై నడుమ, అన్ని జట్ల మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్ స్టార్ ఆట కోసం కొన్ని రోజులు మామూలు ఆటలు ఉండవు. అందుచేత విమానం టిక్కెట్లు ఖాయమైన వెంటనే ఆ ఊరి జట్టు పట్టిక తెరిచి, ఇంటి దగ్గర ఆడే తేదీలను పిల్లలతో కలిసి గుర్తు పెట్టుకోవడం మేలు. మొదటిసారి వెళ్ళేవారికి మంగళ, బుధవారాల ఆట మంచిదని నా అభిప్రాయం. వారాంతంతో పోలిస్తే అప్పుడు జనం పలచగా ఉంటారు, ధరలు కూడా సాధారణంగా తక్కువగా ఉంటాయి. ఒకవేళ మీ పిల్లలు ఓక్లండ్ వైపు ఉంటే ఒక సంగతి గమనించాలి. అక్కడి అథ్లెటిక్స్ జట్టు 2024తో ఆ ఊరు వదిలి, ప్రస్తుతానికి శాక్రమెంటోలోని చిన్న మైదానంలో ఆడుతోంది.

బయలుదేరే ముందు బెంగళూరులోనే ఒకటి రెండు ఆటలు చూడగలిగితే మైదానంలో సగం అయోమయం తగ్గుతుంది. పడమటి తీరంలో వేసవిలో సాయంత్రం 6.45కు మొదలయ్యే ఆట మనకు మరునాటి ఉదయం 7.15కు, అంటే కాఫీ తాగే వేళకు వస్తుంది. తెలుసుకోవలసిన నియమాలు కొన్నే. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. ప్రతి ఇన్నింగ్స్‌లో ముగ్గురు అవుటయ్యేవరకు బ్యాటింగ్ సాగుతుంది. బంతిని బ్యాటర్ ముందున్న రెండు గీతల మధ్యకే కొట్టాలి. వికెట్ల వెనక్కి తిప్పి కొట్టినా మనకు పరుగులే, అక్కడ మాత్రం గీతల బయటికి పోయిన బంతి ఫౌల్. స్కోరు సమమైతే డ్రా అనే మాట లేదు, తేలేదాకా అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. 2023లో పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) ఇంత సమయంలోపే బంతి వేయాలని గడియారం పెట్టిన తర్వాత ఆట సగటున 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇది నిజంగా మంచి వార్త.

ఇక సీటు. మనవాళ్ళు ఎక్కువగా ధర చూసి సీటు కొంటారు, అయితే అంతకంటే ముందు ఎండ చూడాలి. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి పిచ్చర్ మీదుగా రెండో బేస్‌కు (బేస్ అంటే పరుగు తీసేటప్పుడు తాకవలసిన మూల) గీసిన గీత తూర్పు ఈశాన్యం వైపు ఉండడం మంచిదని ఆట నియమావళే చెబుతుంది. అన్ని మైదానాలు దీన్ని అచ్చంగా పాటించకపోయినా, చాలావాటిలో మధ్యాహ్నం వాలే ఎండ హోమ్ ప్లేట్ వెనక, మూడో బేస్ వైపు కూర్చున్నవారి వీపు వెనక ఉంటుంది. మొదటి బేస్ వైపు, కుడి అవుట్‌ఫీల్డ్ (మైదానం దూరపు భాగం) వెనక కూర్చున్నవారికి అదే ఎండ నేరుగా మొహాన కొడుతుంది. జూలై మధ్యాహ్నం ఒంటి గంట ఆటకు ఈ తేడా చిన్నది కాదు. పైన డెక్ (సీట్ల పై అంతస్తు) నీడ ఉన్న వరుసలైతే ఇంకా మంచిది. సీటు బొమ్మలో వరుస సంఖ్య పెరిగేకొద్దీ మీరు వెనక్కి, నీడలోకి వెళ్తున్నట్టు లెక్క.

రెండోది మెట్లు. పై డెక్కులు చాలా నిటారుగా ఉంటాయి. ధర చూస్తే చవకగా కనిపించే సీటుకు చేరడానికి ముప్పై నలభై మెట్లు, మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేని చోట్లు కూడా ఉండవచ్చు. ఇంట్లో పెద్దవారు మెట్లు ఎక్కలేకపోతే వీల్‌చైర్లకూ, నడక కష్టమైనవారికీ కేటాయించిన సీట్లను అడిగి తీసుకోవాలి. అవి ప్రతి మైదానంలోనూ ఉంటాయి, లిఫ్టుకు దగ్గరగా ఉంటాయి, తోడు వచ్చినవారికి పక్కనే చోటు ఇస్తారు. ఇందులో మొహమాటపడవలసిన పని లేదు.

మూడోది బంతి. బ్యాట్‌కు తగిలిన బంతి గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో కూడా జనంలోకి వస్తుంది. ఇప్పుడు అన్ని మైదానాల్లోనూ హోమ్ ప్లేట్ వెనక నుంచి డగౌట్లు (జట్లు కూర్చునే చోట్లు) దాటేవరకు వల కట్టారు. చిన్నపిల్లలు, చూపు మందగించిన పెద్దలు వెంట ఉంటే వల వెనకే కూర్చోండి. వల దాటి కూర్చుంటే పిచ్చర్ చేయి ఎత్తినప్పుడు ఫోను చూడకూడదు.

ఊరిని బట్టి మారే విషయాలు కొన్ని ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2000లో తెరిచిన ఒరాకిల్ పార్క్ సముద్రపు పాయ ఒడ్డున ఉంది. కుడి వైపు గోడ దాటిన హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) నీళ్ళలో పడుతుంది, ఆ బంతి కోసం కొందరు చిన్న పడవల్లో కాచుకుని ఉంటారు. చూడముచ్చటైన చోటే గాని, అక్కడ జూలై రాత్రి బెంగళూరు డిసెంబరు రాత్రి కంటే చల్లగా అనిపిస్తుంది. నీళ్ళ మీది గాలి ఆగదు. స్వెట్టరు, చెవులకు కట్టుకోవడానికి మఫ్లర్ తప్పనిసరి. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ, శాన్‌హోసేల నుంచి వచ్చేవారు కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైలు ఎక్కి చివరి స్టేషన్‌లో దిగితే మైదానం నడిచి వెళ్ళేంత దగ్గర. సియాటిల్‌లోని టీ-మొబైల్ పార్క్ పైకప్పు వాన వస్తే గొడుగులా కమ్ముకుంటుంది, పక్కలు మాత్రం తెరిచే ఉంటాయి కనుక చలి తగులుతుంది. అక్కడికి లైట్ రైలు ఉంది. డల్లస్ చుట్టుపక్కల ఉన్నవారికి ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ దగ్గర. దాని కప్పు మూసి చల్లబరుస్తారు, ఎండ బాధ ఉండదు, అయితే ఇంటి నుంచి అక్కడికి కారు తప్ప దారి లేదనే అనుకోవాలి. పార్కింగ్‌ను కూడా ముందే కొనుక్కోవాలి.

టిక్కెట్లు ఇప్పుడు ఫోనులోనే వస్తాయి, కాగితం అరుదు. పిల్లల ఫోనులో లీగ్ వారి బాల్‌పార్క్ యాప్ పెట్టించి, అందరి టిక్కెట్లు అందులోనే ఉంచి, గేటు దగ్గర అందరూ కలిసి లోపలికి వెళ్ళడం సులువు. విడివిడిగా వచ్చేవారికి ముందు రోజే టిక్కెట్టు బదిలీ చేయాలి. ధరలు పోల్చేటప్పుడు రుసుములన్నీ కలిపిన చివరి మొత్తాన్నే చూడండి. చాలా మైదానాల్లో నగదు తీసుకోరు, అందుచేత మీ ఫారెక్స్ కార్డు లోపల చెల్లేలా ఉందో లేదో ముందే ఏదైనా దుకాణంలో వాడి చూడండి.

తిండి విషయంలో మనవారికి ఒక శుభవార్త ఉంది. చిన్నస్వామి స్టేడియంలో మంచినీళ్ళ సీసా కూడా గేటు దగ్గరే వదలాలి. ఒరాకిల్ పార్క్, టీ-మొబైల్ పార్క్, గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ వంటి చోట్ల ఇంటి తిండి, మూత తీయని నీళ్ళ సీసా తీసుకెళ్ళనిస్తారు. పులిహోర, చపాతీ, జంతికలు పారదర్శకమైన సంచిలో సర్దుకోవచ్చు. గాజు సీసాలు, లోహపు డబ్బాలు వద్దు, ఊరగాయ ఉంటే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. నియమాలు జట్టుకొకలా ఉంటాయి గనుక వారి పేజీలో సంచి కొలతలు కూడా చూడాలి. పొడవు, వెడల్పు 16 అంగుళాలు, మందం 8 అంగుళాలు దాటకూడదనేది తరచుగా కనిపించే పరిమితి, వీపు సంచులను చాలాచోట్ల రానివ్వరు. లోపల అమ్మే హాట్‌డాగ్ ఎక్కువగా గొడ్డు మాంసంతో చేస్తారు. తినని ఇళ్ళవారు చూపించి అడిగి కొనాలి. బంగాళాదుంప వేపుడు ముక్కలు, వేయించిన వేరుశనగలు, ఐస్‌క్రీమ్ ఎక్కడైనా దొరుకుతాయి, వేపుడు నూనె వేరుగా ఉందా అన్నది కచ్చితంగా శాకాహారులైనవారు అడిగి తెలుసుకోవాలి.

ఆట మొదలవడానికి గంట ముందు చేరుకోవడం మంచిది. బొమ్మో టోపీయో ఉచితంగా ఇచ్చే రోజుల్లో అవి మొదట వచ్చిన కొన్ని వేలమందికే కనుక ఇంకా ముందు వెళ్ళాలి. జాతీయగీతం పాడేటప్పుడు అందరితోపాటు లేచి టోపీ తీయాలి. సీటుకు వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర నిలబడ్డ సిబ్బంది ఒక్కోసారి చేయి అడ్డుపెడతారు. అప్పుడు ఆ బ్యాటర్ సంగతి తేలేవరకు ఆగి, తర్వాత కదలాలి, వెనకవారి చూపుకు అడ్డు రాకుండా ఉండేందుకే ఆ పద్ధతి. ఫౌల్ బంతి మీ చేతికి చిక్కితే అది మీదే. మనకు క్రికెట్టులో తిరిగి ఇచ్చేయడం అలవాటు గనుక చాలామంది కంగారుగా వెనక్కి విసురుతారు, అక్కర్లేదు, మనవడికి ఇవ్వండి. ఏడో ఇన్నింగ్స్ మధ్య జనమంతా లేచి ఒళ్ళు విరుచుకుని పాడతారు. పెద్దవారు కాస్త నడిచి కాళ్ళు సాగదీసుకోవడానికి, టాయిలెట్‌కు వెళ్ళి రావడానికి అదే తగిన సమయమని అనుకోకండి, అప్పుడు వరుసలు పొడుగ్గా ఉంటాయి. విరామంలో కాకుండా బ్యాటింగ్ సాగుతుండగా వెళ్ళి వస్తే నిలబడే పని తగ్గుతుంది.

కప్పు లేని మైదానంలో వాన పడితే గంటల తరబడి ఆగి ఆడతారు. అసలు మొదలే కాకుండా వాయిదా పడితే అదే టిక్కెట్టు సాధారణంగా మళ్ళీ పెట్టిన ఆటకు చెల్లుతుంది, మీ తిరుగు విమానం అంతకు ముందే ఉంటే పిల్లలకు బదిలీ చేసేయవచ్చు. రైల్లో వచ్చినవారు చివరి రైలు వేళ బయలుదేరే ముందే రాసుకుని, అదనపు ఇన్నింగ్స్ మొదలైతే ఎప్పుడు లేవాలో ఇంట్లోనే అనుకుని ఉండాలి. కారులో వచ్చినవారు ఆట అయ్యాక ఇరవై నిమిషాలు సీట్లోనే కూర్చుని, జనం పలచబడ్డాక పెద్దవారి చేయి పట్టుకుని నెమ్మదిగా దిగడం మంచిది.