కాలనీ పార్కులో కూరలు, పండ్లు పెంచడం ఎలా?

పార్కులో తినే మొక్కలు అనగానే అందరూ మామిడే అంటారు. నన్నడిగితే అది వద్దు. పిందె పడ్డ దగ్గర్నుంచి రాళ్లు మొదలవుతాయి, అవి వాకింగ్‌కి వచ్చేవాళ్ల నెత్తిన పడతాయి. తుంచిన కొద్దీ చిగురించే కరివేపాకు, మునగ, బచ్చలి, పొన్నగంటితో మొదలుపెట్టండి.

1. ముందు అనుమతి. కాలనీ సంఘం తరఫున మున్సిపాలిటీకి లెటర్ ఇవ్వండి. హైదరాబాద్‌లో అయితే జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగాన్ని అడగాలి. ఏ మొక్క ఎక్కడ వేస్తారో, ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తారో అందులోనే రాసేయండి.

2. తర్వాత స్థలం. రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగిలే చోటు ఆకుకూరలకు ఉంచండి. రోడ్డు పక్కన మాత్రం వేయొద్దు, బండ్ల పొగ, దుమ్ము ఆకుల మీదే పేరుకుంటాయి. మేకలు దూరే వైపు వాక్కాయ కంచె వేస్తే ముళ్లు వాటిని ఆపుతాయి, కాయలు పప్పులోకి వస్తాయి. చాలా పార్కుల్లో గన్నేరు ఉంటుంది. అది ఆకు నుంచి వేరు దాకా విషమే. ‘ఇక్కడివన్నీ తినొచ్చు’ అని పిల్లలకు చెప్పబోతున్నాం కాబట్టి, దాన్ని ముందే తీయించండి.

3. జామ, ఉసిరిలకు రెండడుగుల లోతు, వెడల్పు గుంతలు తీసి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి మట్టిలో కలిపి నింపండి. వానలు పడ్డాక జూన్, జూలైలో నాటండి. జామ మొక్కల మధ్య 18 నుంచి 20 అడుగులు వదలాలి. నేరేడును ట్రాక్‌కి దూరంగా పెట్టండి, రాలిన పండ్ల మీద కాలు జారుతుంది.

4. మునగ మీద కాస్త ఎక్కువ కన్నేయాలి. మూడడుగులు ఎదగ్గానే తల తుంచేస్తే పక్క కొమ్మలు వచ్చి, కాయలు చేతికందుతాయి. కొమ్మ పెళుసు, ఎవర్నీ ఎక్కనివ్వొద్దు. వానాకాలం కాండం మీద గొంగళిపురుగులు గుంపుగా చేరతాయి, తగిలితే ఒకటే దురద. అందుకే ఉయ్యాలలు, బెంచీల పక్కన మునగ వద్దు.

5. కోత మొదలయ్యే నాటికి ఒక బోర్డు పెట్టండి: ‘రెమ్మ తుంచండి, కొమ్మ విరవకండి’. దోమల మందు కొట్టిన రోజు ఏదీ కోయొద్దని కూడా దాని మీదే రాయించండి. తొలి కోతలో మాలికి వాటా ఇవ్వండి, రోజూ చెట్లను కనిపెట్టుకుని ఉండేది ఆయనే కదా.