వేషాల రాత్రి చరిత్ర రాయదలచిన వారికి

లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో 1985 జనవరిలో టాబూ అనే క్లబ్బు రాత్రి మొదలయింది. ఆస్ట్రేలియా నుండి 1980లో ఆ నగరానికి చేరిన లీ బవరీ అనే ప్రదర్శన కళాకారుడు మరొకరితో కలిసి దానిని నడిపాడు. ఆడా మగా హద్దు చెరిపివేసే వేషాలతో, చాలావరకు స్వయంగా కుట్టుకున్న దుస్తులతో జనం అక్కడికి వచ్చేవారు. ఆ క్లబ్బు రెండేళ్లు నిండకుండానే 1986లో మూతపడింది. బవరీ 1994లో కన్నుమూశాడు. అయినా 2025లో టేట్ మోడర్న్ మ్యూజియం అతని పేరిట పెద్ద ప్రదర్శన పెట్టగలిగిందంటే, అతని దుస్తులూ ఫోటోలూ నిలిచి ఉండడమే అందుకు ముఖ్య కారణం. మన గోదావరి డెల్టాలో ఆడవేషాల రాత్రులు అంతకంటే చాలా ఎక్కువ కాలం నడిచాయి. వాటి చరిత్ర రాయడానికి పూనుకునే వారు కూడా ముందుగా వెతకవలసినది కరపత్రాలను కాదు, ట్రంకు పెట్టెలను.

అయితే ఏ రాత్రి గురించి రాస్తున్నారో మొదటే తేల్చుకోవాలి. పద్యనాటకంలో స్త్రీ పాత్ర ధరించడం ఒక సంప్రదాయం. టంగుటూరి ప్రకాశం పంతులు గారంతటి వారు యౌవనంలో నాటకాలలో ఆడవేషాలు కట్టారు; రేలంగి కూడా కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల నాటి నుండే ఆ వేషాలు వేశారు. జాతరలలోనూ తీర్థాలలోనూ జరిగిన రికార్డింగ్ డ్యాన్సులలో పురుషులు వేసిన ఆడవేషం మరొకటి. హిజ్రాలు తమలో తాము జరుపుకునే వేడుకలు పూర్తిగా వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి, వేషం కట్టిన ప్రతివారికీ ఇవాళ్టి పేరేదో తగిలించడం తప్పు. వేషం కొందరికి వృత్తి, కొందరికి జీవితం, ఇంకొందరికి రెండూను. అది చెప్పవలసినది వారే.

దుస్తులు దొరికినప్పుడు తొందరపడి మడత విప్పకండి. డెల్టా తేమకు పాత జరీ నల్లబడి మడతల దగ్గర చిట్లుతుంది కనుక, పెట్టెలో ఉన్నది ఉన్నట్టుగానే ఒక ఫోటో తీసుకుని, తరువాత శుభ్రమైన తెల్ల దుప్పటి మీద పరచాలి. రవికను లోపలివైపుకు తిప్పి చూస్తే కుట్లే సగం కథ చెబుతాయి. పక్క కుట్టు రెండు మూడు వరుసలుగా విప్పి మళ్లీ వేసి ఉంటే, ఆ రవిక ఒకే మనిషిది కాదని, లేదా ఆ మనిషి ఒళ్లు చేసినా వేషం మానలేదని ఊహించవచ్చు. లోపల దూది కుక్కి కుట్టారా, విడిగా పెట్టుకునేలా గుడ్డ సంచులు చేశారా, మెడ అంచున రంగు మరక ఎంత మందంగా ఉంది, చంకల కింద చెమట ఉప్పు గీతలు ఎలా పడ్డాయి అన్నవన్నీ రాసుకోవాలి. చీరకు కుచ్చిళ్లు ముందే కుట్టి నడుముకు నాడా పెట్టి ఉంటే, రంగాల మధ్య క్షణాల్లో వేషం మార్చవలసి వచ్చేదని అర్థం. సవరం, జడకుచ్చులు, వంకీలు, వడ్డాణం వంటివి సొంతవో అద్దెవో తప్పక అడగండి. అద్దెకిచ్చే డ్రెస్సుల వారి పద్దు పుస్తకం దొరికిందా, ఎవరు ఏ రాత్రి ఏ వేషం కట్టారో అందులోనే ఉంటుంది. నా దృష్టిలో పది ఇంటర్వ్యూల కన్నా అలాంటి పుస్తకం ఒక్కటి విలువైనది.

తారీఖుల విషయంలో మనకు గోదావరే సాయం చేస్తుంది. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. "86 వరదలకు ముందా, తరువాతా?", "96 తుఫానుకు ఆ పందిరి ఉందా?", "91 పుష్కరాలా, 2003 పుష్కరాలా?" అని అడిగి చూడండి, జవాబు వెంటనే వస్తుంది. నెల కావాలంటే సంక్రాంతి, అంతర్వేది తీర్థం, ఊరి అమ్మవారి జాతర ఆనవాలుగా పెట్టుకోవాలి. ఇద్దరు వేర్వేరుగా చెప్పినది కలిస్తేనే సంవత్సరం రాయండి. కలవకపోతే "వరదల తరువాత" అని రాసినా నష్టమేమీ లేదు.

గోడకు వేలాడదీసిన పాత ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకూడదు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, మీ నీడ పడకుండా అద్దం మీదుగానే తీయాలి. విడి ఫోటోల వెనక స్టూడియో ముద్ర ఉంటే దానినీ తీసుకోవాలి. ఆ స్టూడియో వారి ఇంట్లో నెగటివ్‌లు మిగిలి ఉండే అవకాశం ఉంది.

మనుషులతో మాట్లాడేటప్పుడు వరస ముఖ్యం. పెద్ద నటులను మాస్టారు అనో గురువుగారు అనో పిలవండి. హిజ్రా పెద్దలను ఎలా పిలవమంటారో వారినే అడగండి, వారు వదిలేసిన పాత పేరు కోసం ఆరా తీయకండి. వేషం కట్టిన మనిషితోనే ఆగిపోక, హార్మోనిస్టు దగ్గరికీ మేకప్ మేన్ దగ్గరికీ వెళ్లాలి. ముఖానికి అరిదళం (పసుపుపచ్చ ఖనిజపు రంగు) పూశారా, జింకు పౌడరు కొబ్బరినూనెలో కలిపారా, గడ్డం నీలిరంగు కనబడకుండా ఏం చేశారు అన్నది మేకప్ మేనే చెప్పగలడు. డబ్బు సంగతి మొహమాటపడకుండా అడగండి: ఒప్పుకున్నది ఎంత, చేతికి వచ్చినది ఎంత, మైకులో చదివిన చదివింపులు ఎవరికి చేరాయి, తెల్లవారాక ఇంటికి ఎలా వెళ్లారు. ఆడవేషానికి వన్స్ మోర్ కొట్టిన ఊరే పొద్దున్న అదే మనిషిని ఎగతాళి చేసిన సందర్భాలు చెబుతారు. వాటిని మెత్తబరచకుండా రాయాలి.

అనుమతి మాట నోటితో సరిపోదు. 377వ సెక్షన్‌పై వయోజనులు సమ్మతితో పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదంటూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది 2018 సెప్టెంబరు 6న; అంతకు ముందు రహస్యంగా బ్రతికినవారి ఫోటో ఇప్పుడు బయటపడితే కుటుంబంలో గొడవ కావచ్చు. పేరు, ముఖం, ఊరు ఈ మూడింటికీ విడివిడిగా అడిగి, కాగితం మీద రాయించుకోండి. పేరు వద్దన్నవారు తమ మాటలు వాడుకోవచ్చునన్నా ఊరి పేరు తీసేయాలి, ఎందుకంటే మన వైపు ఊరి పేరు చెబితే చాలు, మనిషి దొరికిపోతాడు.

రాసేటప్పుడు సంవత్సరాల వరుసను పక్కనపెట్టి ఒక రాత్రి వరుసలో రాయడం మంచిది: సాయంత్రం గడ్డం గీసుకోవడం, రంగు, సవరం, చీర, తెర, చదివింపులు, తెల్లవారుజామున రంగు తుడుచుకోవడం. సంవత్సరాలను ఆయా వస్తువుల దగ్గర చేర్చవచ్చు. టాబూ ద్వారం దగ్గర అద్దం చూపి "నిన్ను నువ్వు లోపలికి రానిస్తావా?" అని అడిగేవారన్న కథను అందరూ చెప్పుకుంటారు. అటువంటి కథలు మన దగ్గరా పుట్టలుగా ఉన్నాయి. వాటిని కథలుగానే చెప్పి, రవిక కుట్టునూ పద్దు పుస్తకాన్నీ ఆధారాలుగా వేరే చూపాలి.

పని పూర్తయ్యాక ఒక ప్రతిని వేషం కట్టినవారి ఇంటికి స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. కళ్లు కనబడని పెద్దవారైతే కూర్చుని చదివి వినిపించి, వారు చెప్పిన దిద్దుబాట్లు చేశాక, మరో ప్రతిని రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి ఇవ్వవచ్చు.