అన్ని ఫోన్లలోనూ వీడియో ఒకేలా కనపడాలంటే

చిక్కడపల్లిలో ఒక కూచిపూడి టీచరుగారికి వెబ్‌సైట్ చేసిచ్చాను. రవీంద్రభారతిలో పిల్లలు చేసిన ప్రదర్శన వీడియోలు రెండు పెట్టాను. ఒకటి యూట్యూబ్‌ది, రెండోది ఒక పాప వాళ్ళ నాన్న ఐఫోన్‌లో తీసింది. నా మ్యాక్‌లో, సఫారీలో చూసుకుంటే ముచ్చటగా ఉంది. ఆ రాత్రే టీచరుగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, యూట్యూబ్ వీడియో కుడివైపు తెగిపోయిందంటున్నారు. ఇంకోదాంట్లో మృదంగం వినిపిస్తోంది గానీ పిల్లలు లేరు, అంతా నలుపే. అమ్మమ్మలు ఊళ్ళ నుంచి చూద్దామని కూర్చున్నారమ్మా." ఆ చివరి మాటతో నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి కొన్నాను. దాన్నీ, ఇంట్లో ఉన్న ఐఫోన్‌నీ, ఫైర్‌ఫాక్స్ ఉన్న పాత విండోస్ కంప్యూటర్‌నీ పక్కపక్కన పెట్టుకుని పని మొదలెట్టాను. మనం చెప్పకుండా వదిలేసినదాన్ని బ్రౌజరు తనకు తోచినట్టు నింపుకుంటుంది. అందుకే అన్నీ మనమే చెప్పాలి.

ముందు కొలత. మన పేజీలో ఇంకో సైట్‌ని చూపించే చట్రాన్ని ఐఫ్రేమ్ అంటారు. యూట్యూబ్ ఇచ్చే ఐఫ్రేమ్ కోడ్‌లో వెడల్పు 560, ఎత్తు 315 పిక్సెళ్ళు అని ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వెబ్‌పేజీకి దొరికే వెడల్పు 360 పిక్సెళ్ళ చుట్టుపక్కలే. అందులో 560 పట్టదు. పోనీ ఆ రెండు అంకెలూ తీసేస్తే? ఐఫ్రేమ్ 300 వెడల్పు, 150 ఎత్తుకి ముడుచుకుపోతుంది. వెడల్పు ఒక్కటే 100 శాతం చేస్తే ఎత్తు 150 దగ్గరే ఆగి, పెద్ద స్క్రీన్ మీద సన్నటి పట్టీలా సాగుతుంది.

పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఐఫ్రేమ్‌కి ఇలా రాయండి: విడ్త్ 100 శాతం, హైట్ ఆటో, యాస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16/9, బోర్డర్ సున్నా, డిస్‌ప్లే బ్లాక్. ఆ చివరిది లేకపోతే వీడియో కింద సన్నటి ఖాళీ గీత మిగిలి చికాకు పెడుతుంది. యాస్పెక్ట్ రేషియో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోకీ 2021లోనే వచ్చింది. అయినా నేను పాత పద్ధతే వాడాను, ఎందుకంటే అమ్మమ్మల చేతుల్లో ఉండేవి పిల్లలు వాడి ఇచ్చేసిన ఫోన్లు. ఐఫ్రేమ్ చుట్టూ ఒక డివ్ (పేజీలో ఖాళీ డబ్బాలాంటి ట్యాగ్) పెట్టి, దానికి పొజిషన్ రిలేటివ్, ప్యాడింగ్ టాప్ 56.25 శాతం ఇవ్వాలి. లోపలి ఐఫ్రేమ్‌కి పొజిషన్ యాబ్సొల్యూట్, టాప్, లెఫ్ట్ సున్నా, వెడల్పూ ఎత్తూ 100 శాతం. తొమ్మిదిని పదహారుతో భాగించి శాతంలో చెబితే వచ్చేదే ఆ 56.25. నిలువుగా తీసిన వీడియో అయితే ఈ లెక్క పనికిరాదు, అక్కడ యాస్పెక్ట్ రేషియో 9/16 ఇవ్వండి, పాత పద్ధతిలో అయితే ప్యాడింగ్ 177.78 శాతం. పేజీ కోడ్ మొదట్లో డాక్‌టైప్ లైనూ (ఇది హెచ్‌టీఎంఎల్ పేజీ అని బ్రౌజరుకి చెప్పేది), హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగూ (పేజీని ఫోన్ వెడల్పుకి సరిపెట్టేది) ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇక నలుపు సంగతి. ఐఫోన్ కెమెరా మామూలుగా హెచ్ఈవీసీ అనే కోడెక్‌లో, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతిలో, రికార్డు చేస్తుంది. మ్యాక్‌లో సఫారీకి అది వచ్చు. కొన్ని కంప్యూటర్లూ పాత ఫోన్లూ మాత్రం శబ్దం వినిపించి బొమ్మ దగ్గర ఆగిపోతాయి. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని మార్చేస్తే లోపలి కోడెక్ మారదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, వీడియో హెచ్.264, ఆడియో ఏఏసీ, ఫార్మాట్ ఎంపీ4 ఎంచుకుని మార్చండి. అందులోనే వెబ్ ఆప్టిమైజ్డ్ అనే టిక్ ఉంటుంది, తప్పకుండా పెట్టండి. వీడియో సూచిక ఫైల్ మొదట్లోకి వస్తుంది కాబట్టి ఫైలంతా దిగకముందే వీడియో ఆడటం మొదలవుతుంది.

ఆ ఫైల్‌ని పేజీలో పెట్టే వీడియో ట్యాగ్‌లో ప్లేస్‌ఇన్‌లైన్ (playsinline) రాయకపోతే ఐఫోన్‌లో ప్లే నొక్కగానే వీడియో స్క్రీనంతా ఆక్రమిస్తుంది. ఆటోప్లే (నొక్కకుండానే వీడియో మొదలవడం) కావాలంటే మ్యూటెడ్ (శబ్దం లేకుండా) కూడా ఉండాలి. నృత్యానికి మాత్రం ఆటోప్లే వద్దనే అంటాను, మృదంగం లేకుండా అడుగు చూడటం న్యాయం కాదు. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా మన దగ్గర లోపల నడిచేది సఫారీ ఇంజనే. అందుకే ఐఫోన్ పరీక్షని కంప్యూటర్‌లో క్రోమ్‌తో సరిపెట్టొద్దు, అసలు ఫోన్‌లోనే చూడండి.

పోస్టర్, అంటే ప్లే నొక్కకముందు కనిపించే బొమ్మ, ఇవ్వడం మరవకండి. అది లేకపోతే ప్లే నొక్కేదాకా ఐఫోన్ ఖాళీ డబ్బానే చూపించవచ్చు. నేను పెట్టిన పోస్టర్ టీచరుగారు ఏరి పంపిందే. పుష్పాంజలి మొదట్లో పిల్లలందరూ దోసిళ్ళు పట్టిన క్షణం, ప్రతి మొహమూ కనపడుతుంది.