రెండు పార్టీలూ నచ్చని అమెరికా ఓటరుకు

పోయిన ఎన్నికల్లో బ్యాలెట్ ముందు పావుగంట కూర్చున్నాను. పైనున్న రెండు పార్టీల అభ్యర్థుల్లో ఎవరికీ ఓటేయడానికి మనసొప్పలేదు. ఆ కోపంలో మిగతాదంతా ఖాళీగా వదిలేశాను. ఇప్పటికీ బాధపడుతున్నాను.

మీరు కింది నుంచి పైకి నింపండి. స్కూల్ బోర్డులాంటి స్థానిక పదవులకు చాలాచోట్ల పార్టీ పేరే ఉండదు. కొద్ది ఓట్లే ఫలితాన్ని తేల్చవచ్చు.

పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక, అంటే ప్రైమరీని వదలకండి. మీ రాష్ట్రంలో అందులో ఎవరైనా ఓటు వేయవచ్చా, పార్టీ పేరుతో నమోదైనవారేనా అన్నది ముందే చూసుకోండి. పార్టీ నమోదు మార్చుకునే గడువు నెలల ముందే ముగిసే రాష్ట్రాలున్నాయి.

మూడో అభ్యర్థికి వేసేముందు లెక్క తెలుసుకోండి. 1992లో ఏ పార్టీకీ చెందకుండా అధ్యక్ష పదవికి నిలబడ్డ రాస్ పెరోకు దేశమంతటా దాదాపు 19 శాతం ఓట్లు వచ్చినా, అధ్యక్షుణ్ణి తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటీ దక్కలేదు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మొదటి స్థానంలో ఉన్నవారికే ఆ రాష్ట్ర ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళతాయి. నా కోపమంతా ఈ పద్ధతి మీదే. వేరే దారీ ఉంది: మెయిన్ (Maine) రాష్ట్రంలో 2018 నుంచి కొన్ని ఎన్నికల్లో ఓటర్లు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తున్నారు. మొదటి ఎంపిక అభ్యర్థి తక్కువ ఓట్ల వల్ల లెక్కింపులో తొలగిపోతే ఓటు తర్వాతివారికి వెళుతుంది. అలాస్కా ఓటర్లూ 2020లో ఇలాంటి విధానాన్నే ఆమోదించారు.

మీ రాష్ట్రంలో ప్రజలే చట్టం ప్రతిపాదించే వీలుంటే సంతకాల సేకరణలో చేరండి. లేకుంటే శాసనసభ్యులకు ఉత్తరం రాయండి. నేను ఇప్పటికి నాలుగు రాశాను, ఐదోది బల్ల మీద ఉంది.