పాంపస్ గడ్డిని పొలాల్లోకి పాకకముందే ఎలా తీసేయాలి?

షాద్‌నగర్ దగ్గరో జడ్చర్ల దగ్గరో ఫామ్‌హౌస్ కట్టుకుని, గేటు పక్కన అందానికి పాంపస్ గడ్డి నాటారనుకుందాం. ఆ తెల్లటి కుచ్చులు ఫొటోల్లో బాగానే ఉంటాయి. కానీ ఇది అర్జెంటీనా, ఉరుగ్వే వైపు పుట్టిన గడ్డి. ఏళ్ల తరబడి బతుకుతుంది. ఒక్కో కుచ్చులో వేల విత్తనాలు పడతాయి, గాలికి కిలోమీటర్ల దూరం పోతాయి. 1940లలో కాలిఫోర్నియాలో మట్టి కోత ఆపుతుందని, మేతకు పనికొస్తుందని కావాలనే నాటారు. ఇప్పుడక్కడ అది మొండి కలుపు. న్యూజిలాండ్‌లో అయితే అమ్మడమే నిషేధం. మన చెలకల్లో నీళ్లు లేకుండా విత్తనం మొలవడం కష్టమే గానీ, సాగర్ కాలవ గట్లు, చెరువు అంచుల సంగతి వేరు.

ముందు సరిగ్గా గుర్తుపట్టండి, లేకపోతే పాపం మన వాగుల్లోని రెల్లు బలవుతుంది. ఆకు చెయ్యి కోస్తే పాంపస్ అనుకోవద్దు, రెల్లు ఆకూ కోస్తుంది. రెల్లు భూమిలో దుంపవేళ్లతో పక్కకు పాకుతుంది. పాంపస్ ఉన్నచోటే పెద్ద దుబ్బు కడుతుంది, ఆకులన్నీ మొదట్లోంచే వచ్చి చుట్టూ వంగుతాయి.

కుచ్చు రాకముందే తీయడం మేలు. వచ్చేసిందా, గాలి లేని పొద్దున ప్లాస్టిక్ కవర్ తొడిగి, మూతి కట్టి, ఆ తర్వాతే కాడ కోయండి. పెంటకుప్ప మీద వేయకండి, లోతుగా పూడ్చండి. ‘నా దగ్గర ఒక్క మొక్కే కదా’ అనే ధీమా వద్దు. ఆడ మొక్కయితే పక్క తోటలోంచి పుప్పొడి వచ్చినా విత్తనం కడుతుంది.

ఇక దుబ్బు. మందపాటి గ్లౌజులు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా లేకుండా దగ్గరికి పోవద్దు. ఆకు అంచున రంపపు పళ్లుంటాయి. కొడవలితో ఆకులు మొదటికంటా కోసి, వాన పడి నేల మెత్తబడ్డాక చుట్టూ గడ్డపారతో తవ్వి, మొదలు మొత్తం పెకలించాలి. పెద్దదైతే జేసీబీ పెట్టించండి, టెన్షన్ ఉండదు. వేళ్లు పైకి వచ్చేలా తిరగేసి ఎండలో పడేయండి. నిప్పు పెడితే పోతుందనుకుంటారు గానీ, మొదలు బతికే ఉంటుంది, మళ్లీ చిగురేస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు సొంతంగా కొట్టే ఆలోచన వద్దు, 2022లో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

వచ్చే వానాకాలం డ్రిప్ పైపుల వెంట, కాలవ పక్కన ఓ కన్నేయండి. చిన్న మొక్కలు చేత్తో పీకితే వచ్చేస్తాయి. ఆ జాగాలో గడ్డే కావాలంటే వట్టివేరు పెట్టుకోండి. కుచ్చుల అందం ఉండదు గానీ గట్టు మాత్రం నిలుస్తుంది.