రెండ్రోజులు ఆపితే చాలు, కారు బ్యాటరీ దిగిపోతోందా? దొంగని ఇలా పట్టుకోండి

పొద్దున్నే కీ తిప్పితే టకటకమని చప్పుడొచ్చి ఊరుకుంటుంది. పక్క ఫ్లాట్ వాళ్ల కారు తెచ్చి జంప్ స్టార్ట్ చేస్తే ఆ రోజంతా బాగానే తిరుగుతుంది, మళ్లీ రెండ్రోజులు సెల్లార్‌లో పెడితే అదే కథ. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా షాపుకెళ్లి కొత్త బ్యాటరీ వేయించేస్తారు, అది కూడా దిగిపోతే షాపువాణ్ని తిడతారు. పాత బ్యాటరీ తప్పు ఉండదని కాదు, మన ఎండలకి నాలుగేళ్లు వచ్చిందంటే గొప్పే. కానీ బ్యాటరీలో ఛార్జ్ నిలవకపోయినా, నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయకపోయినా, కారు ఆపాక ఏదో ఒకటి కరెంటు తాగుతున్నా పైకి కనిపించేది ఒకటే. ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి ఒక డిజిటల్ మల్టీమీటర్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో మామూలుది కొనుక్కోండి, కాకపోతే 10 యాంపియర్ల దాకా డీసీ కరెంటు కొలిచేదేనా అని చూసుకోండి.

మీటర్ తీసేముందు బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే, క్లాంపు చేత్తో పట్టుకుని తిప్పితే కదులుతుంటే, సగం జబ్బు అక్కడే ఉండొచ్చు. నెగటివ్ ముందు విప్పండి, బిగించేటప్పుడు అది చివర్న. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి. వేడి నీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, ఆరాక గట్టిగా బిగించండి.

తర్వాత బ్యాటరీని ఛార్జర్ పెట్టి పూర్తిగా ఛార్జ్ చేయించి, కొన్ని గంటలు వదిలేసి వోల్టేజ్ చూడండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే, 12 కంటే కింద అంటే దాదాపు ఖాళీ. నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీని కారులోంచి విప్పి ఒక రాత్రి పక్కన పెట్టినా పొద్దుటికి 12.2కి పడిపోతే ఇంకేం వెతకక్కర్లేదు, బ్యాటరీ పోయింది. అది నిలబడితే కారులో బిగించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీటర్ చూడండి, ఆ క్షణంలో అంకె 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టే. కొన్ని కొత్త కార్లలో దాన్ని కంప్యూటర్ నడిపిస్తుంది కాబట్టి అంకె అటూ ఇటూ ఊగుతుంది, హెడ్‌లైట్లు, ఏసీ వేసి కాసేపు గమనించండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే ఇక మిగిలింది దొంగ కరెంటే. దీనికి ఓపిక కావాలి, మెకానిక్‌లు తొందరలో వదిలేసేదీ ఇక్కడే.

కారు ఆపి కీ తీసేయండి, కీలెస్ అయితే కీని దూరంగా ఇంట్లో పెట్టండి, లేకపోతే కారు దాన్ని పసిగట్టి మేలుకునే ఉంటుంది. ఫ్యూజ్ బాక్స్ డాష్‌బోర్డ్ కింద ఉంటే ముందే డోర్ తెరిచి, డోర్ లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కి పెట్టండి, డోర్ మూసే ఉందని కారు అనుకుంటుంది. (తర్వాత హ్యాండిల్ లాగి లాక్ వదిలించాకే డోర్ వేయండి.) మీటర్ ఎర్ర వైరుని 10A రంధ్రంలోకి మార్చి, నెగటివ్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్యలో మీటర్ పెట్టండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టారా, మీటర్‌లో ఫ్యూజ్ ఎగిరిపోతుంది. వైరు ఆ రంధ్రంలోనే మరిచిపోయి తర్వాత వోల్టేజ్ కొలవబోయినా అంతే సంగతి, అది నేరుగా షార్ట్.

మొదట రెండు మూడు యాంపియర్లు చూపిస్తే కంగారు పడకండి. లోపల కంప్యూటర్లు ఒక్కొక్కటే నిద్రపోవాలి, కొన్ని కార్లకి పది నిమిషాలు చాలు, కొన్నిటికి గంట. అంకె కదలడం ఆగాక 0.05 లోపు ఉంటే మామూలే. 0.4 దగ్గర ఆగిందనుకోండి, రోజుకి దాదాపు 10 యాంపియర్ గంటలు పోతున్నట్టు, చిన్న పెట్రోల్ కార్లలో ఉండే 35 ఏహెచ్ (యాంపియర్ గంటల) బ్యాటరీకి రెండ్రోజుల్లో సగం ఖాళీ.

ఇప్పుడు ఫ్యూజ్‌లు ఒక్కొక్కటి పీకుతూ మీటర్ చూడండి. ఏది తీయగానే 0.40 కాస్తా 0.03కి దిగిందో దొంగ ఆ లైన్‌లో ఉన్నాడు, ఆ లైన్ దేనిదో ఫ్యూజ్ బాక్స్ మూత మీదో మాన్యువల్‌లోనో చూసుకోండి. పీకితే కారు మళ్లీ మేలుకుంటోందా? అయితే మీటర్ తీసి నెగటివ్ కేబుల్ బిగించేసి, ఎర్ర వైరుని వోల్టేజ్ రంధ్రానికి మార్చి, కారు మళ్లీ నిద్రపోయాక, పీకకుండానే ఫ్యూజ్ నెత్తి మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్ట్‌లు కొలవండి, సున్నా కాకుండా ఏమైనా చూపిస్తే అందులో కరెంటు పారుతోంది.

నా అనుభవంలో ముందు అనుమానించాల్సింది కంపెనీ పెట్టిన వాటిని కాదు, మనం తర్వాత పెట్టించిన వాటిని. స్టీరియోకి కీ ఆన్ చేస్తేనే కరెంటు రావాల్సిన ఎర్ర వైరుని, ఎప్పుడూ కరెంటుండే పసుపు వైరుతో కలిపి చుట్టేస్తారు, సెట్ ఆఫ్ చేసినా లోపల మేలుకునే ఉంటుంది. జీపీఎస్ ట్రాకర్, పార్కింగ్ మోడ్‌లో డాష్‌క్యామ్, ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు కారు లోపాలు చదివే సాకెట్) గుచ్చి మరిచిపోయిన డాంగిల్ కూడా ఇదే బాపతు. డిక్కీ లైటు ఆరుతోందో లేదో తెలియాలంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి డిక్కీ మూసి చూడండి. ఎలుకలు కొరికిన వైర్లనీ మరవద్దు, సెల్లార్ కార్లకి ఇది మామూలే.

ఏ ఫ్యూజ్ తీసినా అంకె దిగకపోతే, ఆల్టర్నేటర్‌లో కరెంటుని ఒక్క వైపుకే పోనిచ్చే డయోడ్‌ని అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ విప్పేశాక ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పి, దాని కొన ఎక్కడా బాడీకి తగలకుండా టేపు చుట్టి మళ్లీ కొలవండి, అప్పుడు పడిపోయిందంటే డయోడ్‌దే తప్పు. ఈ పని చేయడానికి ధైర్యం చాలకపోతే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి మీరు రాసుకున్న అంకెలు చూపించండి, బ్యాటరీ మార్చేద్దాం సార్ అనే మాట అక్కడితో ఆగిపోతుంది. హైబ్రిడ్ కారైతే మాత్రం నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకండి.

దొంగ లేకపోయినా, మామూలుగా 0.03 యాంపియర్లే పోతున్నా, నెల తిరిగేసరికి ఆ 35 ఏహెచ్ బ్యాటరీ సగానికి పైగా దిగిపోతుంది. అమెరికా నుంచి ఏడాదికోసారి వచ్చే పిల్లల కోసం కారు ఉంచేవాళ్లు నెగటివ్ టెర్మినల్ విప్పేసి, ఆ కేబుల్‌కి గుడ్డ చుట్టి పక్కకి పెట్టేయండి. నెలకోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే సరిపోదు, నెలంతా పోయిన ఛార్జ్ అంతలో తిరిగి రాదు.